రగ్బీ లీగ్ తెలియని దేశంలో ఆ ఆటను నిలబెట్టడం ఎలా

కొత్త దేశంలో రగ్బీ లీగ్ మొదలుపెడదామనుకునేవాళ్లు చాలామంది మొట్టమొదట చేసే పని జాతీయ జట్టుకి ఒక పేరు పెట్టి, లోగో గీయించి, సోషల్ మీడియాలో పేజీ తెరవడం. ఆ ఉత్సాహం నాకు బాగా తెలుసు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. కానీ ఇన్నేళ్లు ఈ ఆటతో తిరిగాక ఒక్క మాట గట్టిగా చెప్పగలను. పదిహేను రోజులకోసారి తమలో తాము ఆడుకునే నాలుగు జట్లు, వాటికి విజిల్ ఊదే నలుగురు రిఫరీలు ఉంటే మీ దేశంలో రగ్బీ లీగ్ ఉన్నట్టు. అవి లేకుండా జాతీయ జట్టు ఒక్కటే ఉంటే ఆట ఇంకా రానట్టే. కింద రాసేదంతా ఆ నాలుగు జట్ల దాకా ఎలా చేరాలో, చేరాక ఏం చేయాలో.

ముందు ఆటని రెండు నిమిషాల్లో చెప్పడం నేర్చుకోండి

రగ్బీ అనగానే జనానికి ఒకే ఆట గుర్తొస్తుంది, అదీ ఎక్కువగా 15 మంది ఆడే యూనియన్. మీరు వెళ్లిన ప్రతిచోటా "ఇది అదేనా, వేరేనా" అని అడుగుతారు, కాబట్టి సమాధానం నోటి చివర ఉండాలి. 1895 ఆగస్టు 29న ఇంగ్లండు ఉత్తరాన హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో కొన్ని క్లబ్బులు కూర్చుని రగ్బీని నడిపే పాత సంఘం నుంచి విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం ఆడితే ఆ రోజు కూలి పోయేది, దానికి పరిహారంగా రోజుకు 6 షిల్లింగులు ఇస్తామంటే సంఘం ఒప్పుకోలేదు. అలా పుట్టిన ఆట ఇది. తర్వాత 1906లో జట్టుని 15 నుంచి 13 మందికి తగ్గించి, ఆటగాణ్ణి పట్టుకుని ఆపాక పెనుగులాట లేకుండా బంతిని కాలితో వెనక్కి దొర్లించే పద్ధతి తెచ్చారు. అప్పట్నుంచి రెండు ఆటలూ వేర్వేరు దారుల్లో నడిచాయి.

నిబంధనలు చెప్పేటప్పుడు ఇంతే చెప్పండి: బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకు పోవాలంటే పరిగెత్తాలి లేదా తన్నాలి. ఎదుటివాళ్లు పట్టుకుని ఆపితే అదొక టాకిల్. ఆగినవాడు లేచి బంతిని నేలమీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు, వెనకున్నవాడు అందుకుంటాడు, ఆట మళ్లీ సాగుతుంది. ఇలా ఆరు టాకిల్స్ అయ్యేలోపు ఎదుటి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, దానికి 4 పాయింట్లు, లేకపోతే బంతి ఎదుటి జట్టుకి పోతుంది. ట్రై తర్వాత బంతిని హెచ్ ఆకారం పోస్టుల మధ్యనుంచి తన్నితే 2, ఎదుటివాళ్ల తప్పుకి దొరికే పెనాల్టీ గోల్‌కి 2, ఆట మధ్యలో బంతిని నేలకి వదిలి, అది లేస్తుండగా తన్నే డ్రాప్ గోల్ కొడితే 1. చూసేవాళ్లకి ఇంతకుమించి అక్కర్లేదు.

ఆ ఆరు లెక్కే ఈ ఆటకి ప్రాణం. 1966 దాకా ఆ లెక్కే లేదు, బంతి చేజారకుండా చూసుకునే జట్టు ఎంతసేపైనా తన దగ్గరే ఉంచుకునేది. మొదట నాలుగు టాకిల్స్ పెట్టి చూశారు, 1970ల మొదట్లో ఆరుకి మార్చారు. కొత్త దేశానికి ఇదొక వరం, ఎందుకంటే యూనియన్‌లో గుమిగూడి బంతి కోసం పోరాడే రక్, మాల్, గీత బయటికి పోయిన బంతిని లోపలికి విసిరే లైనౌట్ లాంటివి ఏమీ లేవు, రెండు జట్లూ వంగి భుజాలు కలిపి నిలబడే స్క్రమ్ ఉన్నా అందులో నెట్టుకోవడం దాదాపు ఉండదు. జీవితంలో ఎప్పుడూ కోడిగుడ్డు ఆకారం బంతి పట్టుకోని మనిషి కూడా ఒక సాయంత్రంలో ఆటలో కలిసిపోతాడు.

మొదటి ఇరవై మంది ఎక్కడ దొరుకుతారు

పోస్టర్లు అంటిస్తే రారు. ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచినా వచ్చిన ఐదుగురిలో ముగ్గురు రెండోవారం కనిపించరు. అప్పటికే ఒకచోట చేరి ఉన్న గుంపు దగ్గరికి మీరే వెళ్లాలి: యూనివర్సిటీ హాస్టల్, పోలీసు లేదా సైనిక శిక్షణ కేంద్రం, కుస్తీ, జూడో, కబడ్డీ ఆడే క్లబ్బు. కుస్తీ పట్టినవాళ్లకి మనిషిని పట్టుకోవడం, పడేయడం, తాము పడడం అన్నీ ముందే వచ్చు, నేర్పాల్సింది పాస్ ఒక్కటే. అథ్లెటిక్స్‌లో తమ దూరానికి కాస్త వెనకబడి నిరాశగా ఉన్న స్ప్రింటర్లని కూడా అడగండి, మైదానం అంచున పరిగెత్తే వింగ్‌లో ఆడటానికి అలాంటివాళ్లు బంగారం.

యూనియన్ ఆడేవాళ్లు తేలిగ్గా దొరుకుతారు, కాకపోతే రెండు జాగ్రత్తలు. వాళ్ల సీజన్ నడిచేటప్పుడు మీ లీగ్ పెట్టకండి, వాళ్లకి ఖాళీ ఉన్న నెలల్లో పెట్టండి, అప్పుడు ఎవరూ ఎవరి ఆటగాళ్లనీ లాక్కున్నట్టు ఉండదు. ఒకప్పుడు లీగ్ ఆడినవాణ్ణి యూనియన్ జీవితాంతం నిషేధించేది, 1995లో యూనియన్ కూడా ప్రొఫెషనల్ అయ్యాకే ఆ గోడ పడిపోయింది. మీరు మళ్లీ అలాంటి గోడ కట్టవద్దు, "రెండూ ఆడుకో" అని మొదటి రోజే చెప్పండి. రెండో జాగ్రత్త, మీ జట్లన్నీ వాళ్లతోనే నింపకండి. అలా నింపితే యూనియన్ వాళ్లు ఒక్క నోటీసు ఇచ్చిన మరుక్షణం గ్రౌండ్ ఖాళీ అయిపోతుంది. సగం మందైనా మీ చేతుల మీద ఈ ఆటే మొదటి ఆటగా నేర్చుకున్నవాళ్లు ఉండాలి.

మొదటి సాయంత్రం

మొదటి రోజు నియమాలు చదివి వినిపించకండి, వీడియోలు చూపించకండి. వచ్చినవాళ్ల చేతిలో పది నిమిషాల్లో బంతి ఉండాలి. నలభై మీటర్ల పొడవు, ముప్ఫై వెడల్పు కోన్లు పెట్టి, ఆరుగురు ఒక వైపు, ఆరుగురు ఇంకో వైపు, టాకిల్ బదులు రెండు చేతులతో తాకితే చాలు అని ఆడించండి. సిడ్నీలో లీగ్ ఆటగాళ్ల ప్రాక్టీసు నుంచే 1960ల్లో టచ్ ఫుట్‌బాల్ ఒక ఆటగా పుట్టింది, కాబట్టి ఇదేదో పిల్లల ఆట అని ఎవరైనా అంటే ఆ సంగతి చెప్పొచ్చు. ఆరు తాకిడులకి బంతి మారిపోతుంది. పావుగంట గడిచేసరికి ఎవరూ చెప్పకుండానే "నాలుగు! ఐదు!" అని వాళ్లే అరవడం మొదలుపెడతారు, ఐదో దానికి బంతి తన్నాలని ఎవరో ఒకరికి దానంతట అదే తోస్తుంది. ఆ క్షణం చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. ఆట సగం అక్కడే వచ్చేసినట్టు.

తర్వాత అరగంట ప్లే ద బాల్ మీద, అంటే టాకిల్ అయ్యాక లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లించడం మీద పెట్టండి. ఇది చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, కానీ ఒక మ్యాచ్‌లో వందల సార్లు జరిగే పని ఇదే, ఇది తడబడితే ఆటంతా తడబడుతుంది. పడినవాడు బంతిని రెండు చేతులా ఛాతీకి ఆనించి లేవాలి. పూర్తిగా నిలబడి, ఎదుటివాళ్ల గీత వైపు ముఖం పెట్టాలి. బంతిని ముందున్న పాదానికి ముందు నేలమీద ఉంచి, అరికాలు దాని మీద ఆనించి వెనక్కి దొర్లించాలి. కొత్తవాళ్లు మూడు తప్పులు చేస్తారు: ఇంకా మోకాలి మీద ఉండగానే వదిలేస్తారు, కాలు తగలకుండానే బంతి మీదుగా దాటేస్తారు, లేదా మరీ గట్టిగా తోసి, బంతి అందుకోవడానికి వెనక నిలబడ్డ డమ్మీ హాఫ్‌ని దాటించేస్తారు. ఇద్దరిద్దర్ని జంటగా పెట్టి, ఒకడు పడి లేచి దొర్లిస్తుంటే రెండోవాడు వెనక వంగి తీసుకుని పది మీటర్లు పాస్ ఇవ్వాలి, యాభై సార్లయ్యాక మారాలి. విసుగ్గా ఉంటుంది నిజమే, అయినా వదలకండి. బంతి కాలి కింద నుంచి నింపాదిగా, ఊగిసలాడకుండా డమ్మీ హాఫ్ చేతుల దగ్గరికి వచ్చి ఆగినప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

నిబంధన ప్రకారం డిఫెన్సు జట్టు ప్లే ద బాల్ నుంచి పది మీటర్లు వెనక్కి పోవాలి, బంతి దొర్లించేవాడికి ఎదురుగా మార్కర్లుగా ఇద్దరి దాకా మాత్రం ఉండొచ్చు. కొత్తవాళ్లతో మొదటి సీజన్ ఐదు మీటర్లే పెట్టండి, 1990ల మొదటి వరకు పెద్ద మ్యాచ్‌లకే అంత ఉండేది. పది మీటర్లు వెనక్కి ముందుకి పరిగెత్తే ఊపిరి ఇంకా ఎవరికీ ఉండదు, అలసిపోయినవాడు చేతులు చాచి పట్టుకోబోతాడు, దెబ్బలన్నీ అక్కడే తగులుతాయి.

టాకిల్ నేర్పేటప్పుడు తొందరపడకండి

ఈ ఆటని మీ దేశంలో ఒక్క రోజులో చంపేయగలిగేది ఒక్కటే, మొదటి నెలలో ఎవరికైనా పెద్ద దెబ్బ తగలడం. ఆ పిల్లాడి తల్లిదండ్రులు, ఆ కాలేజీ, ఆ ఊరు మళ్లీ తలుపు తెరవరు. నేను చూసిన ఒక శిబిరంలో బయటినుంచి వచ్చిన కోచ్ రెండో రోజే పూర్తి టాకిల్‌తో మ్యాచ్ పెట్టించాడు, ఒక కుర్రాడి కాలర్ బోన్ విరిగింది, మర్నాడు ముప్ఫై మందిలో పదకొండు మందే వచ్చారు.

టాకిల్‌ని మోకాళ్ల మీద మొదలుపెట్టాలి. మెత్తటి గడ్డి మీద ఇద్దరూ ఎదురెదురుగా మోకరిల్లుతారు, బంతి ఉన్నవాడు నెమ్మదిగా పక్కనుంచి కదులుతాడు. పట్టేవాడు చూపు అవతలివాడి నడుము మీద పెట్టి, భుజం తొడకి ఆనించి, చెంప అతని తుంటి వెనక భాగానికి హత్తుకునేలా తల పెట్టి, రెండు చేతులూ గట్టిగా చుట్టి లాక్కుంటాడు. తల ఎప్పుడూ పడేవాడి వెనక వైపే ఉండాలి, ముందు వైపు పెడితే పడేవాడి బరువంతా మెడ మీద పడుతుంది. ఈ ఒక్క వాక్యం ప్రతి ప్రాక్టీసులో చెప్పండి, విని విని విసుగొచ్చినా చెప్పండి. పట్టేవాడి ముఖం దగ్గరగా గమనించండి: కొత్తవాళ్లలో ఎక్కువమంది తాకే ముందు కళ్లు మూసుకుంటారు. కళ్లు మూస్తే తల కిందికి వాలుతుంది, తల వాలితే మోకాలికి తగులుతుంది. కాబట్టి బంతి పట్టుకున్నవాణ్ణి వేళ్లతో ఏదో ఒక అంకె చూపించమనండి, టాకిల్ అయ్యాక పట్టినవాడు ఆ అంకె చెప్పాలి. నాలుగైదు సార్లకే కళ్లు తెరిచి ఉంచడం అలవాటైపోతుంది.

మోకాళ్ల మీద బాగా వచ్చాక నడుస్తూ, ఆ తర్వాత మెల్లగా పరిగెత్తుతూ. కనీసం మూడు నాలుగు వారాలు పట్టనివ్వండి. మౌత్‌గార్డ్ లేనివాడికి కాంటాక్ట్ ప్రాక్టీసు లేదు, ఇందులో మొహమాటం వద్దు.

తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా ఆటగాడు బయటికి రావాల్సిందే, ఆ రోజు మళ్లీ లోపలికి పోకూడదు, "నేను బాగానే ఉన్నాను" అన్న మాట లెక్కలోకి రాదు. బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ కింది స్థాయి ఆటలకి ఇచ్చిన మార్గదర్శకాల్లో మళ్లీ మ్యాచ్ ఆడటానికి కనీసం 21 రోజుల గడువు ఉంది. ఆస్ట్రేలియా వాళ్లయితే కాంటాక్ట్ ప్రాక్టీసుకి ముందు 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా గడవాలంటారు. మీ లీగ్ నియమావళిలో ఇది మొదటి పేజీలోనే రాసి, ఎవరు ఎప్పుడు బయటికి వచ్చారో ఒక పుస్తకంలో తేదీతో రాసిపెట్టండి. ఫైనల్‌కి ముందురోజు మీ మీద ఒత్తిడి వస్తుంది, అప్పుడు ఆ పుస్తకమే మీకు అండ.

రిఫరీలు లేకపోతే లీగ్ లేదు

అందరూ మర్చిపోయేది ఇదే. నాలుగు జట్లకి ఎనభై మంది ఆటగాళ్లు దొరుకుతారు, విజిల్ పట్టుకోవడానికి ఒక్కడూ దొరకడు, చివరికి కోచ్‌లే తమ జట్టు మ్యాచ్‌కి రిఫరీగా నిలబడతారు, మూడో వారానికి గొడవ. కాబట్టి లీగ్‌లో చేరడానికి ఒక షరతు పెట్టండి: ప్రతి జట్టూ ఒక రిఫరీని తేవాలి, ఆ రిఫరీ తన జట్టు మ్యాచ్‌కి కాకుండా వేరే మ్యాచ్‌కి నిలబడాలి. మోకాలి గాయంతో ఆట మానేసినవాళ్లు, వేగం తగ్గిన పెద్దవాళ్లు, ఆటంటే ప్రాణం పెట్టే అమ్మాయిలు, వీళ్లలో మంచి రిఫరీలు ఉంటారు.

కొత్త రిఫరీకి మూడే మూడు పనులు నేర్పండి: టాకిల్ పూర్తయిందని తేలగానే "హెల్డ్" అని గట్టిగా అరవడం, టాకిల్స్ లెక్క తప్పకపోవడం, డిఫెన్సుని వెనక్కి పంపడం. ఐదు టాకిల్స్ అయ్యాయంటే చెయ్యి నిటారుగా పైకెత్తి ఐదు వేళ్లూ విప్పి చూపించాలి, ఇక ఒక్కటే మిగిలిందని అందరికీ తెలిసేది దాంతోనే. లెక్క తప్పుతుందన్న టెన్షన్ కొత్తవాళ్లకి చాలా ఉంటుంది. ప్రతి టాకిల్‌కీ అంకెని పైకే చెప్పమనండి, ఆటగాళ్లే వింటూ సరిచేస్తారు. మిగతా సూక్ష్మాలు రెండో సీజన్‌లో చూసుకోవచ్చు. రిఫరీకి తిరుగు ప్రయాణం ఖర్చు, మ్యాచ్ అయ్యాక రెండు జట్ల కెప్టెన్లూ వచ్చి చెయ్యి కలపడం, ఈ రెండూ తప్పనిసరి చేయండి. తిట్లు తిన్న రిఫరీ మళ్లీ రాడు.

మొదటి టోర్నీ: తొమ్మిది మందితో

పదమూడు మంది, వాళ్లకి నలుగురు అదనం, అంటే జట్టుకి 17 మంది. మొదటి ఏడాది అంతమందిని ప్రతి వారం తేవడం కష్టం. నైన్స్ ఆడించండి. జట్టుకి తొమ్మిది మంది, సగానికి తొమ్మిది నిమిషాలు. నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడితే ఆరు మ్యాచ్‌లు, మొత్తం ఆట 108 నిమిషాలు, మధ్యలో విరామాలు కలిపినా మూడు గంటల్లో అయిపోతుంది, తర్వాత ఫైనల్ పెట్టినా సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి పోవచ్చు. ఒక్క గ్రౌండ్, ఒక్క ఫస్ట్ ఎయిడ్ మనిషి, ఇద్దరు రిఫరీలు చాలు.

గ్రౌండ్ కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు, ఫుట్‌బాల్ మైదానం సరిపోతుంది. పూర్తి కొలత ట్రై గీతల మధ్య 100 మీటర్లు, వెడల్పు 68. ట్రై గీత వెనక బంతి ఆనించడానికి కనీసం 6 మీటర్ల చోటు కావాలి కాబట్టి ఫుట్‌బాల్ గోల్ గీతకి అంత లోపల మీ ట్రై గీత గీయండి, మైదానం పది పన్నెండు మీటర్లు పొట్టిదవుతుంది, కొత్తవాళ్ల ఊపిరికి అదే మంచిది. ఫుట్‌బాల్ గోల్ కంబాలు అప్పుడు మీ ఇన్‌గోల్ (ట్రై గీత వెనక ఉన్న చోటు) వెనక గీత మీదికి వస్తాయి, కదిలేవైతే తీసేయండి, కదలనివైతే మెత్తటి దిండ్లు చుట్టకుండా విజిల్ ఊదకండి. హెచ్ ఆకారం పోస్టులు లేకపోతే తన్నడం వదిలేసి ట్రైలే లెక్కపెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

రెండో ఏడాది నాలుగు జట్లూ ఇంటా బయటా పద్ధతిలో ఆడాలి, అంటే ఒక్కో జట్టుకి ఆరు మ్యాచ్‌లు. షెడ్యూల్ ముందే ప్రకటించి, ఏం జరిగినా దాన్ని మార్చకండి. ఒక జట్టుకి పదకొండు మందే వస్తే ఎదుటి జట్టు కూడా పదకొండు మందితో ఆడాలని నియమం పెట్టండి. రద్దయిన మ్యాచ్ కొత్త లీగ్‌కి చెదపురుగులాంటిది, ఒకటి రద్దయితే వరసగా మూడు పోతాయి.

పిల్లలు, మహిళలు, చక్రాల కుర్చీ

"ముందు మగవాళ్ల జట్టు నిలబడనీ, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అనేది రాదు. మొదటి ఏడాదే స్కూళ్లలో ట్యాగ్ పెట్టండి, నడుముకి కట్టిన రిబ్బన్ లాగితే టాకిల్ అయినట్టు. దెబ్బలు ఉండవు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడొచ్చు, వ్యాయామ ఉపాధ్యాయులు భయపడరు. పిల్లలకి చిన్న సైజు బంతి ఇవ్వండి, పెద్దవాళ్ల 5వ సైజు బంతి వాళ్ల చేతుల్లో నిలవక పాసంటేనే భయం పట్టుకుంటుంది.

ప్రపంచకప్‌లో ఆడిన మొదటి దక్షిణ అమెరికా జట్టు బ్రెజిల్ మహిళలది, పురుషులది కాదు. 2022లో ఇంగ్లండులో ఆడారు, లీడ్స్‌లో ఇంగ్లండు చేతిలో 72-4 తేడాతో ఓడారు, అయినా ఆ దేశంలో ఈ ఆటకి ముఖం వాళ్లే అయ్యారు. కొత్త ఆటలో అమ్మాయిలు పాతికేళ్లు వెనకనుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు, అందరూ ఒకే గీత మీద నిలబడతారు, ఆ అవకాశాన్ని వదులుకోవడం తప్పు.

చక్రాల కుర్చీ లీగ్ ఫ్రాన్స్‌లో 2000ల్లో పుట్టింది. ఇండోర్ కోర్టులో ఐదుగురు చొప్పున ఆడతారు, భుజాల మీద ఉన్న ట్యాగ్ లాగితే టాకిల్, వైకల్యం లేనివాళ్లూ కొందరు జట్టులో ఉండొచ్చు. 2022 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండు 28-24తో ఫ్రాన్స్‌ని ఓడించింది, అంత ఉత్కంఠగా ఉన్న మ్యాచ్‌లు నేను తక్కువ చూశాను. ఆట కుర్చీలు ఖరీదే, కానీ బాస్కెట్‌బాల్ ఆడే చక్రాల కుర్చీ క్లబ్బు ఒకటుంటే వాళ్లతో మాట్లాడి ఒక ఆదివారం ప్రయత్నించవచ్చు.

కాగితాలు, గుర్తింపు, గొడవలు

ఇక్కడ చాలామంది మంచివాళ్లు మునిగిపోయారు, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మీ దేశంలో "రగ్బీ" అన్న మాట మీద హక్కు ఎవరిదో ముందే కనుక్కోండి. ఫ్రాన్స్‌లో లీగ్ 1934లో మొదలై ఎంత వేగంగా పెరిగిందంటే యూనియన్‌కి గుబులు పుట్టింది. 1941 డిసెంబరులో, యుద్ధకాలంలో జర్మనీకి లొంగి నడిచిన విషీ ప్రభుత్వం లీగ్‌ని రద్దుచేసి ఆస్తులు లాక్కుంది, యుద్ధం తర్వాత కూడా 1990ల దాకా వాళ్లు రగ్బీ అన్న పేరు వాడుకోలేక "పదమూడు మంది ఆట" అని పిలుచుకున్నారు. పాత కథ అనుకోకండి. గ్రీసులో గుర్తింపు లేక ఆటగాళ్లు 2019లో కూడా చాటుగా మ్యాచ్‌లు ఆడారు, అలాగే ప్రపంచకప్‌కి అర్హత సాధించారు, 2022 ఆగస్టులో గుర్తింపు వచ్చింది, అక్టోబరులో ప్రపంచకప్ ఆడారు. 2015లో యూఏఈలో లీగ్ నడిపే వ్యక్తి అరెస్టు కూడా అయ్యారు. కాబట్టి మొదటి మ్యాచ్‌కి ముందే క్రీడా శాఖకి వెళ్లి, ఏ చట్టం కింద నమోదు చేసుకోవాలో రాతపూర్వకంగా అడగండి, సమాధానం రాకపోయినా మీరు అడిగిన ఉత్తరం, అందిన ముద్ర దాచుకోండి. యూనియన్ సంఘం వాళ్లనీ ఒకసారి కలవండి, వాళ్ల గ్రౌండ్‌లో ఖాళీ రోజులు అడగడం పోట్లాడటం కన్నా ఎప్పుడూ చవక.

సంఘం నియమావళిలో క్లబ్బులకి ఓటు ఉండాలి. అమెరికాలో 1990ల చివర్లో ఒక సంస్థ లీగ్ మొదలుపెట్టింది, నిర్ణయాల్లో మాకు చోటు లేదని 2011లో చాలా క్లబ్బులు బయటికొచ్చి వేరే లీగ్ పెట్టుకున్నాయి. చిన్న ఆట, దానికి రెండు లీగ్‌లు, మూడేళ్లకి పైగా అలాగే నడిచింది. మొదలుపెట్టినవాడికి ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీరు పెంచిన బిడ్డని ఎవరో తీసుకెళ్తున్నట్టుంటుంది. అయినా పదవికి గడువు, బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు, ఏడాదికోసారి అందరి ముందు లెక్కలు, ఇవి మొదటి రోజే రాసేయండి. అంతర్జాతీయంగా ఐఆర్‌ఎల్ (ఇంటర్నేషనల్ రగ్బీ లీగ్) అనే సంస్థ ఉంది, 1948లో బోర్డోలో పుట్టిన సమాఖ్యకి ఇప్పటి పేరు అది. దాని కింద ప్రాంతీయ సంఘాలు ఉన్నాయి, ముందు మీ ప్రాంతం వాళ్లకి రాయండి. సభ్యత్వం మెట్లు మెట్లుగా వస్తుంది, వాళ్లు అడిగేది కూడా ఇదే: క్లబ్బులు ఎన్ని, జూనియర్లు ఎందరు, మ్యాచ్‌లు నిజంగా జరిగాయా. ప్రతి మ్యాచ్‌కీ ఆటగాళ్ల పేర్లు, స్కోరు, రిఫరీ సంతకం ఉన్న కాగితం భద్రపరచండి.

డబ్బు

ఈ ఆట పుట్టిందే ఆటగాడి ఒక రోజు కూలి పోకూడదని. ఆ మాట మర్చిపోయి చేరేవాళ్ల దగ్గర పెద్ద ఫీజు వసూలు చేయకండి. జీతాలూ ఆశ చూపకండి. బస్సు ఖర్చు, టేపులు, మంచినీళ్లు, ఫిజియో, ఈ నాలుగింటికీ డబ్బు ముందు. జెర్సీలు ఆఖర్న.

ఎవరో పెద్ద పెట్టుబడిదారు వచ్చి ఒకేసారి ప్రొఫెషనల్ క్లబ్బు పెడతానంటే సంతోషించండి, కానీ మీ లీగ్‌ని దాని మీద ఆధారపెట్టకండి. కెనడాలో టొరాంటో వుల్ఫ్‌ప్యాక్ 2017లో ఇంగ్లండు మూడో డివిజన్‌లో మొదలై 2020కల్లా అక్కడి అగ్ర డివిజన్ సూపర్ లీగ్‌కి చేరింది, వేల మంది ప్రేక్షకులు వచ్చేవారు, న్యూజిలాండ్ స్టార్ సోనీ బిల్ విలియమ్స్ లాంటి ఆటగాణ్ణి తెచ్చుకుంది. 2020 జులైలో కరోనా సమయంలో సీజన్ మధ్యలోనే తప్పుకుంది. జట్టులో కెనడా కుర్రాళ్లు దాదాపు లేరు, కాబట్టి క్లబ్బు పోయాక అక్కడి గ్రౌండ్లలో మిగిలింది చాలా తక్కువ. స్టేడియం నిండితే ఆట పెరిగినట్టు కాదని నాకు బాగా తెలిసొచ్చింది అప్పుడే.

ఇక జాతీయ జట్టు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నిబంధన ప్రకారం తల్లిదండ్రులో తాత అమ్మమ్మలో మీ దేశంలో పుట్టి ఉంటే విదేశంలో పెరిగిన ఆటగాడు కూడా మీ జట్టుకి ఆడొచ్చు. ఇది మంచి నిబంధనే. 2000 ప్రపంచకప్‌లో లెబనాన్ జట్టు దాదాపు అంతా ఆస్ట్రేలియాలో పెరిగినవాళ్లే, ఆ ఊపుతోనే తర్వాత లెబనాన్‌లో యూనివర్సిటీల్లో ఆట మొదలైంది. కాబట్టి వాళ్లని పరాయివాళ్లని దూరం పెట్టకండి. ఒక్క షరతు చాలు: వచ్చిన ప్రతి ఒక్కరూ మ్యాచ్‌కి ముందో తర్వాతో రెండు రోజులుండి ఒక స్కూల్లో, ఒక క్లబ్బులో నేర్పాలి. జట్టులో ఇన్ని స్థానాలు ఇక్కడి లీగ్‌లో ఆడేవాళ్లకేనని మీరే ఒక అంకె రాసుకోండి, నా మాటయితే సగం.

ఓపిక ఎంత కావాలో జమైకాని చూడండి. అక్కడ సంఘం 2004లో మొదలైంది, స్కూళ్లూ కాలేజీల మీద పనిచేశారు, ఇంగ్లండులో పెరిగిన జమైకా సంతతి ఆటగాళ్ల చెయ్యీ ఉంది, 2018 నవంబరులో అమెరికాని 16-10తో ఓడించి ప్రపంచకప్‌కి అర్హత పొందారు. పద్నాలుగేళ్లు పట్టింది. పాపువా న్యూగినీలో 1930లు, 40ల్లో ఆస్ట్రేలియా గని కార్మికులూ సైనికులూ తెచ్చిన ఆట ఇప్పుడు జాతీయ క్రీడ. తొలి టెస్ట్ 1975లో, క్వీన్స్‌లాండ్ (ఆస్ట్రేలియా రాష్ట్రం) పోటీల్లో వాళ్ల హంటర్స్ జట్టు 2014లో చేరి 2017లో టైటిల్ గెలిచింది, 2028లో ఆస్ట్రేలియా అగ్ర లీగ్ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లోకి వాళ్ల క్లబ్బు రాబోతోంది. ఇవేవీ గంతులు కావు, ఒక్కో మెట్టు.

మొదటి అంతర్జాతీయ మ్యాచ్ మీలాగే కొత్తగా మొదలుపెట్టిన పక్క దేశంతో పెట్టుకోండి, బలమైన దేశం రెండో జట్టు వస్తామన్నా వద్దనండి. 94-4 తేడాతో ఓడటం ఎలా ఉంటుందో గ్రీసు ఆటగాళ్లకి 2022లో ఇంగ్లండుతో తెలిసింది, వాళ్లు ఏళ్ల తరబడి పోరాడి వచ్చినవాళ్లు కాబట్టి తట్టుకున్నారు, మీ మొదటి ఏడాది కుర్రాళ్లు తట్టుకోలేరు. ఆ మ్యాచ్‌కి ముందు అదే గ్రౌండ్‌లో అండర్ 12 పిల్లల ట్యాగ్ మ్యాచ్, తర్వాత మీ లీగ్‌లోని రెండు క్లబ్బుల మ్యాచ్ పెట్టండి. గేటు దగ్గర ఒక బల్ల వేసి, నాలుగు క్లబ్బుల ప్రాక్టీసు రోజులు, టైములు, ఫోన్ నంబర్లు రాసిన కాగితాలు పెట్టి, ప్రతి క్లబ్బు నుంచి ఒకరిని అక్కడ కూర్చోబెట్టండి. మర్నాడు సాయంత్రమే ప్రాక్టీసు ఉండేలా చూసుకోండి, నిన్న చూసినవాళ్లు రావాలనుకుంటే వారం ఆగాల్సిన అవసరం రాకూడదు.